కోటు జేబులో చూయింగ్ గమ్

తౌనో,

గురువారం కదా, ప్రతి వారంలాగే పొయ్యి మీద బఠాణీ సూప్ ఉంది. వేడి చేసుకుని తిను. నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను, రేపు సాయంత్రం బస్సుకి వస్తాను.

ముందు గుమ్మం దగ్గర వేలాడుతున్న నీ కోటు జేబులోంచి గమ్ తీసి బీరువా పైన పెట్టు. పొద్దున హల్లా ఆ జేబులో మూతి దూర్చింది. అందులో చక్కెరకు బదులు వేసే జైలిటాల్ మన పళ్ళకు మంచిదే గానీ కుక్కకు విషం. నేను చూడబట్టి సరిపోయింది.

తిన్నాక నమలడం బాగానే ఉంది. కానీ నమిలేసి మళ్ళీ చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ తాగితే ఏం లాభం? కాఫీ కూడా అయ్యాక నమలాలి. ఆ చక్కెర బిళ్ళ సంగతి నువ్వు సైలాకి చెప్పి ఉండవు. అది నాకు మాత్రమే తెలుసు.

పెళ్ళయినప్పటి నుంచి నీ టిఫిన్ డబ్బాలో గమ్ పెడుతూనే ఉన్నాను. పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. "నేనేమన్నా చిన్నపిల్లాడినా హెల్కా?" అని నవ్వేవాడివి. ఇప్పుడు పళ్ళు శుభ్రం చేసే ఆ సైలా ఒక్కసారి చెప్పిందో లేదో, జేబు నిండా గమ్మే. భోజనాల బల్ల దగ్గర సైలా ఇలా అంది, సైలా అలా అంది. నీ నోట్లో గమ్ కంటే ఆవిడ పేరే ఎక్కువ నలుగుతోంది.

హెల్కా

చెప్పడం మరిచాను. సోమవారం నేనూ సైలా దగ్గర టైం తీసుకున్నాను. నా పళ్ళకైతే ఏ నొప్పీ లేదు.