సగంలో మూసిన పుస్తకం

అమ్మా జాయ్సీ,

కథ వినడానికి వచ్చేవాళ్లను ఎప్పుడూ డబ్బడగనని మీ నాన్న ఆనంద్ పాల్ నలభై ఏళ్ల కిందట నాకు మాటిచ్చాడు. తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు వెనక మీ నాన్న షెడ్డులో, ఊక వాసన మధ్య, శనివారాలు నేను నవల చదివేవాణ్ణి. మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసేసేవాణ్ణి. మిగతాది వినాలని వచ్చే శనివారం జనం ముందే వచ్చి చోటు పట్టుకునేవారు.

ఆ జనాన్ని చూసి మీ నాన్న చందా పెట్టాడు. కొల్లేటి నుంచి చేపల వ్యానులో వచ్చిన సత్తియ్యను గుమ్మంలోనే ఆపి, "సభ్యులకేనండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు. నేను ఆ రోజే చదవడం మానేశాను. పుస్తకం మీ నాన్నది కనుక ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు నువ్వూ ఏలూరులో ఫోన్ల మీద సగం కథ ఉచితంగా ఇచ్చి, మిగతాది సభ్యులకే వినిపిస్తున్నావట. లాభాలు బాగున్నాయని, వార్షిక సభలో నన్ను చదవమని రాశావు.

వస్తాను. ఆ పాత నవలే చదువుతాను, వెతికి ఉంచు. సత్తియ్యను ముందు వరసలో చందా అడగకుండా కూర్చోబెట్టాలి. "ఆఖరికి ఆ కథలో పిల్ల ఏమైందండీ?" అని అతను ఇప్పటికీ అడుగుతున్నాడు.

నీ మీద కోపం లేదమ్మా. సత్తియ్యకు ఆ కథ దక్కకుండా చేసింది మీ నాన్నే.