సీటు రాలేదని సంఘంలో చెప్పు

దోహా నుంచి

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు సుగుణకు అక్క రత్నమ్మ ప్రేమతో రాసేది. ఇక్కడ నేను, అమ్మాయి విమల, అల్లుడుగారు, మనవరాలు శాంతి దేవుని కృప వల్ల బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మరిదిగారు, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలు ఎలా ఉంది? నూనె రాస్తున్నావా? రాయకుండానే రాస్తున్నానని నాకు చెప్పకు. మేనత్త అన్నం తింటోందా, లేక ఇంకా మజ్జిగ మీదే ఉందా?

ముందు కూర్చో. నిలబడి చదవకు. ఎవరికీ ఏమీ కాలేదు, కంగారు పడకు. పోయిన ఉత్తరంలో శాంతికి కెనడాలో పెద్ద చదువుకు సీటు వచ్చిందని రాశాను కదా. రాలేదు.

ఈ ఒక్క మాట రాయడానికి పొద్దుటి నుంచి కాగితం ముందు కూర్చున్నాను.  అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. బయట ఇసుక గాలి, ఎదురింటి మేడ కూడా కనపడటం లేదు. లోపల ఏసీ చలికి శాలువా కప్పుకున్నాను. వేసవిలో శాలువా ఏంటంటావు, ఇక్కడంతే. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, నా గురించి దిగులు పెట్టుకోకు.

జరిగింది మొదటినుంచి చెబుతాను. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వంటింట్లో కుళాయి తిప్పి, ఇక్కడ చెరువు లేదు, కాలవ లేదు, ఈ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయే అని శాంతిని అడిగాను. సముద్రంలోంచి అమ్మమ్మా, ఉప్పు తీసేసి పంపుతారు అంది. నాకు నమ్మకం కుదరలేదు. మన ఊరికి సముద్రం కూతవేటు దూరం. ఏ బావి తవ్వినా ఉప్పే. నువ్వూ నేనూ బిందెలు పట్టుకుని కాలవ దాకా నడిచిన సంగతి చెప్పాను. ఆ పిల్ల విని ఊరుకోలేదు. కెమికల్ ఇంజినీరింగు చదివి వచ్చి ఉంది కదా, ఇక ఆ ఉప్పు తీసే చదువే చదువుతానని పట్టుపట్టింది. అది పెద్ద చదువంట. దానికి కెనడా దాకా పోవాలంట.

చలికాలమంతా అల్లుడుగారు ఎవరినో అడిగి తెచ్చిన టైపు మిషను మీద కాలేజీలకు దరఖాస్తులు టకటకలాడించింది. ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం చించి మళ్ళీ మొదలు. కవర్లు అంటించాక ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. “అమ్మమ్మా, జిగురు ఇంకా ఆరలేదు, నువ్వు కూడా కెనడా పోతావు” అని నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు కనపడలేదు.

ఇక్కడ పోస్టుమాను ఇంటికి రాడు. ఉత్తరాలన్నీ అల్లుడుగారి కంపెనీ పెట్టెకు వస్తాయి, ఆయన డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు తెస్తాడు. ముందు పల్చటి కవర్లు వచ్చాయి. శాంతి చదివి మడిచి పెట్టేసింది.

“ఏమన్నారే?” అన్నాను.

“కాదన్నారు.”

“ఎందుకంట?”

“ఎందుకో రాయలేదు అమ్మమ్మా.”

నువ్వే చెప్పు సుగుణా. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళయినా రంగనో, పొడుగనో ఒక వంక చెబుతారు. ఫస్టు క్లాసు పిల్లను వంక కూడా చెప్పకుండా కాదనేస్తారా? ఇలాంటి పద్ధతి నేను ఎక్కడా చూడలేదు.

ఆఖరుకు ఒక దళసరి కవరు వచ్చింది. పల్చటిదైతే లేదని, దళసరిదైతే సీటు వచ్చినట్టేనని ఇక్కడ మనవాళ్ళందరూ చెప్పుకునే మాట. అల్లుడుగారు తలుపు దగ్గరే దాన్ని పైకెత్తి చూపించాడు. శాంతి లాక్కుని చింపబోయింది. నేను చేతిలోంచి తీసుకున్నాను. మన ఇంట్లో శుభమైన కాగితం ఏది వచ్చినా ప్రార్థన లేకుండా విప్పం కదా. విమల వీసా కాగితం వచ్చినప్పుడు నువ్వే కదా పాస్టరు అయ్యగారు వచ్చేదాకా దాన్ని బైబిలు మీద పెట్టి కాపలా కాశావు. శుక్రవారం ప్రార్థన కూడిక మన ఇంట్లోనే ఉంది, అందరి ముందూ పెద్దాయన సామ్యేలు గారి చేత విప్పిద్దాం అన్నాను.

“ఒక్కసారి చూసి మళ్ళీ అంటించేస్తాను అమ్మమ్మా” అంది.

“దేవుడి దగ్గర దొంగచూపులేంటే” అన్నాను.

ఆ మర్నాడే బందరు మనిషి ఒకాయన సెలవు మీద బయల్దేరుతున్నాడు. చేతికిస్తే ఉత్తరం తొందరగా చేరుతుందని, కవరు విప్పకముందే నీకు రాసి పంపేశాను.

ఇక్కడ మనల్ని చర్చి కట్టుకోనివ్వరని ఇదివరకే రాశాను. శుక్రవారం సెలవు కాబట్టి అదే మన ఆదివారం. వారానికొకరి ఇంట్లో తెలుగువాళ్ళం కూడి, కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడుకుంటాం. ఆవేళ విమల ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చి, పడుకోకుండా బిర్యాని వండింది. పాటలయ్యాక కూడికకు పెద్దయిన సామ్యేలు గారు కవరు చేతిలోకి తీసుకుని ప్రార్థన చేసి, చింపి, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టారు.

నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. నాకు ఇంగ్లీషు రాదు కదా. శాంతి పేరు వినపడింది. గట్టిగా స్తోత్రం అన్నాను. ఇంకెవరూ అనలేదు. ఆయన కాస్త ఆగి మళ్ళీ ఏదో చదివారు. నేను మళ్ళీ స్తోత్రం అన్నాను. విమల నా మోచెయ్యి పట్టుకుని “అమ్మా, ఊరుకో” అంది. కళ్ళు తెరిచేసరికి అందరూ చాపల వంక చూస్తున్నారు.   సామ్యేలు గారు ఆ కాగితం మడిచి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు.

కవరు దళసరిగా ఉన్నది ఎందుకనుకున్నావు? వచ్చే ఏడాది మళ్ళీ రాసుకోవచ్చని ఒక పుస్తకం పెట్టారంట. కాదన్నవాళ్ళు పుస్తకం ఎందుకు పంపాలి?

శాంతే లేచి, “అంకుల్, ముగింపు ప్రార్థన చెయ్యండి, బిర్యాని చల్లారిపోతుంది” అంది. అందరికీ తనే వడ్డించింది. అందరూ తలలు వంచుకుని తిన్నారు. వాళ్ళు వెళ్ళాక విమల నా మీద విరుచుకుపడింది. “నీ తొందర పాడుగాను, ముందు పిల్లను చూసుకోనివ్వచ్చు కదమ్మా, నలుగురిలో దాని పరువేం కావాలి” అంది. 

శాంతి టైపు మిషను పెట్టెలో పెట్టి మూత వేసేసింది. “ఇక రాయను అమ్మమ్మా. నాన్న కంపెనీలో టైపిస్టు కావాలంట, చేరిపోతాను” అంది.

“మరి నీళ్ళ చదువు?”

“నీళ్ళు కుళాయిలో వస్తున్నాయిగా.”

 కోపంగా అన్నా బాగుండేది. ఊరికే, చల్లగా అంది. అప్పటినుంచి మాట తగ్గింది, తిండి తగ్గింది. పిల్ల ఏమైపోతుందోనని గదిలోకి పదిసార్లు తొంగి చూసేదాన్ని. “బతికే ఉన్నాను అమ్మమ్మా” అనేది.

ఇంతలో ఆ బందరాయన సెలవు నుంచి తిరిగి వచ్చి నువ్వు పంపిన బందరు లడ్డూలు, నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. నా కళ్ళజోడు కనపడక శాంతి చేతే చదివించాను. సంఘంలో శాంతి పేరు చదివించామని, అందరూ చప్పట్లు కొట్టారని, ఈ పిల్ల వచ్చి మన ఊరి నీళ్ళు తియ్యగా చేస్తుందని అయ్యగారు చెప్పారని రాశావు. చదువుతూ చదువుతూ శాంతి ఆగిపోయింది. 

“కవరు విప్పకముందే ఊరికి రాసేశావా అమ్మమ్మా?”

“రాశానే.”

“ఊరంతా తెలుసా?”

“పక్క ఊరికి కూడా తెలిసే ఉంటుంది. మీ చిన్నమ్మమ్మ సంగతి నీకు తెలుసుగా” అన్నాను.

కోపం తెచ్చుకోకు సుగుణా, ఉన్నమాటే అన్నాను. తర్వాత నాకు తోచిన ఉపాయం చెప్పాను. “సీటు వచ్చింది గానీ వీసా రాలేదని రాసేద్దాం. వీసా మీదకు తోసేస్తే ఎవరూ అడగరు” అన్నాను.

 “ఇక్కణ్ణించి వెళ్ళే ఉత్తరాలన్నీ ఇలాగే రాస్తారా అమ్మమ్మా?” అంది.  శాంతి డబ్బా మూత తీసి ఒక లడ్డూ నోట్లో పెట్టుకుంది. “సీటు రాకపోతే లడ్డూ తినకూడదని ఎక్కడా లేదుగా” అంది. బాగా తింది. నాకు అదో ధైర్యం.

మొన్న శుక్రవారం కూడిక ప్రకాశరావు ఇంట్లో. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ. సాక్ష్యమంటే నీకు తెలియనిదేముంది, వీసా వచ్చిందని, ఉద్యోగం దొరికిందని, కానుపు సుఖంగా అయిందని లేచి చెప్పి దేవుణ్ణి స్తుతిస్తారు. శాంతి లేచి నిలబడింది. నేను దాని ఓణీ కొంగు పట్టుకుని లాగాను. కూర్చోలేదు.

“నాకు సీటు రాలేదు. రాసిన చోటల్లా కాదన్నారు. మీరంతా వినే ఉన్నారు. ఇది కూడా సాక్ష్యమే అనుకుంటున్నాను. మళ్ళీ రాయాలో వద్దో తెలియడం లేదు, ప్రార్థన చెయ్యండి” అని కూర్చుంది.

 రానిదాని గురించి సాక్ష్యం చెప్పడం నా జన్మలో వినలేదు.  అప్పుడు ఆ ఇంటాయన ప్రకాశరావు మెల్లగా లేచాడు. “నాకు డ్రైవింగు లైసెన్సు ఇంకా రాలేదండి. వచ్చిందని మీ అందరికీ చెప్పాను. పరీక్ష మళ్ళీ మళ్ళీ పోతోంది” అన్నాడు. అతని భార్య తలెత్తి, “మరి కారు రిపేరులో ఉందన్నారే” అంది. “కారే లేదు” అన్నాడు. అందరూ నవ్వేశారు. ఆమె కూడా నవ్వాలో తిట్టాలో తెలియక నవ్వేసింది.

అది నవ్వులతో పోతుందనుకున్నాను. విమల లేచింది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నర్సు పరీక్ష తప్పానని చెప్పింది. మళ్ళీ రాసేదాకా డ్యూటీ ఇవ్వలేదంట, తోటి నర్సుల గదిలో వాళ్ళకు వండిపెడుతూ ఉందంట. నేను దాన్ని కన్నదాన్ని, నాకు తెలియదు. “పరీక్ష అయిపోయిందమ్మా, అంతా క్షేమం” అని రాసింది. నేను ఆ ఉత్తరాన్ని నీకు కూడా చదివి వినిపించాను, గుర్తుందా? ఇద్దరం సంతోషంతో ఏడ్చాం.

ఇంటికి వచ్చాక శాంతి తల్లి పక్కన కూర్చుంది. “రెండోసారి రాసేటప్పుడు భయం వెయ్యలేదా అమ్మా?” అని అడిగింది. “చచ్చేంత వేసింది. రాశాను” అంది విమల. 

అందుకని నీకు ఒక పని చెబుతున్నాను, కాదనకు. ఈ వీసా కథలు ఏమీ వద్దు. ఆదివారం ఆరాధనలో నువ్వు లేచి నిలబడి, శాంతికి సీటు రాలేదని చెప్పు. అక్క తొందరపడి రాసిందని కూడా చెప్పు. చప్పట్లు కొట్టినవాళ్ళందరి ముందూ చెప్పు. నీకు సిగ్గేస్తుందని తెలుసు. నాకూ వేస్తోంది, రాస్తుంటేనే వేస్తోంది. మరిదిగారు కోప్పడితే ఈ ఉత్తరం చూపించు. పిల్ల కోసం ప్రార్థన చెయ్యమని అడుగు, కానీ తప్పకుండా వస్తుందని మాత్రం ఎవరితోనూ అనకు. నాకు ఆ మాటంటే ఇప్పుడు భయం.

మేం బాగానే ఉన్నాం, కంగారు పడకు. మేనత్తకు నా వందనాలు చెప్పి, ఆవిడ చెయ్యి ఒకసారి శాంతి ఫొటో మీద పెట్టించు, ఆ దీవెన మాకు కావాలి. అయ్యగారికి, అమ్మగారికి వందనాలు. పిల్లలకు నా ముద్దులు, మరిదిగారికి మా అందరి ప్రేమలు.

ఇట్లు, నీ మేలు కోరే నీ అక్క,
రత్నమ్మ

మరిచాను. ఈ చివరి కాగితం రాస్తుండగా పక్క గదిలో మిషను పెట్టె మూత తీసిన చప్పుడైంది. ఆ దళసరి కవరులో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. నేను లోపలికి వెళ్ళలేదు, ఏమీ అడగలేదు. ఈసారి కవర్ల మీద చెయ్యి పెట్టమంటే పెడతాను, వచ్చినవి మాత్రం అదే విప్పుకుంటుంది.

లడ్డూలు అయిపోయాయి. ఎవరైనా వస్తుంటే మళ్ళీ పంపు. సీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.