ఇరవైమూడో నంబరు కవిత

మావయ్యకి నమస్కారాలు.

ఫోన్లో చదవనని మీరు భీష్మించుకున్నారు కాబట్టి, మా ఆన్‌లైన్ కవితల గ్రూపు పోటీకి వచ్చిన నలభై కవితలూ ప్రింటు తీసి పోస్టులో పంపుతున్నాను. పేర్లు తీసేశాను, నంబర్లే ఉంటాయి. పోయినసారి జడ్జిగారు బహుమతి తన బావమరిదికే ఇచ్చుకున్నారు. పదకొండు దేశాల సభ్యులు నన్ను ఉతికి ఆరేశారు. ఈసారీ మాట పడితే ఆరేళ్ల గ్రూపు మూసుకోవడమే. పదికి మార్కులు వెయ్యండి, చాలు.

మేనకోడలు

తా.క.: మీరు బుద్ధెరిగి ఎవర్నీ మెచ్చుకోలేదు. అందుకే మిమ్మల్ని పెట్టాను.

*

మేనకోడలికి ముందు చివాట్లు, తర్వాత ఆశీస్సులు.

ఇలాంటివి పోటీకి ఎలా తీసుకున్నావే? ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా! నలభైనీ ఎర్ర సిరాతో దిద్ది తిరగరాశాను. ఇప్పుడన్నీ దివ్యంగా ఉన్నాయి. అన్నింటికీ పదికి పది.

మావయ్య

తా.క.: తొమ్మిదోదాంట్లో చందమామ అనవసరం. తీసేశాను.

*

మావయ్యా, రెండు చేతులూ ఎత్తి దణ్ణం.

ఆ పదికి పది మీకు మీరే వేసుకున్నారు! వాళ్లు రాసినదానికి వెయ్యమన్నాను మహానుభావా! మళ్లీ కాపీలు పంపుతున్నాను. నెలాఖరుకి ఫలితాలు. మీ పుణ్యముంటుంది, ఆ ఎర్ర పెన్ను ముట్టుకోకండి.

తల పట్టుకున్న మేనకోడలు

తా.క.: తొమ్మిదో కవిత పేరే ‘చందమామ’.

*

మేనకోడలికి,

పెన్ను బీరువాలో పెట్టి తాళంచెవి మీ అత్తయ్యకిచ్చాను. మార్కులు పెన్సిలుతో వేశాను. చాలావాటికి రెండు, మూడు. తొమ్మిదికి ఏడు, చందమామ ఉంటేనే నయం.

ఇరవైమూడు మాత్రం వేరే సంగతి. వంటింటి కిటికీ అద్దానికి ఆవిరి పడుతుంది. ఒకావిడ దానిమీద వేలితో ఏదో రాసి, అడుగుల చప్పుడు వినగానే అరచేత్తో తుడిచేస్తుంది. అంతే. మొదటిసారి దిద్దే ఊపులో సరిగ్గా చదవనే లేదు, ఈసారి ఒక్క అక్షరం కదపబుద్ధి కాలేదు. పదికి పది.

మావయ్య

తా.క.: మీ అత్తయ్యకి చదివి వినిపించాను. లేచి వెళ్లి పొయ్యిగట్టు తుడుచుకుంది. ఆవిడకి కవిత్వం ఎక్కదులే.

*

మావయ్యా, కొంప మునిగింది!

ఇరవైమూడు రాసిన సభ్యురాలి మారుపేరు ‘కిటికీపిల్ల’. బహుమతి పంపడానికి అడ్రసు అడిగితే మీ ఇంటి అడ్రసిచ్చింది. అత్తయ్య! జడ్జి ఇంట్లోవాళ్లు పోటీకి రాకూడదని రూలు రాసింది నేనే. మీకేమీ తెలియదంటే ఆ పదకొండు దేశాల్లో ఒక్కరైనా నమ్ముతారా? ఎందుకిలా చేసిందో అడగండి.

మేనకోడలు

తా.క.: నా తలకాయ కూడా బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

*

అమ్మాయ్,

అడిగాను. “రూలు నాకూ తెలుసు. బహుమతి నాకెందుకు? పైన నా పేరుంటే మొదటి లైన్లోనే పెన్ను తీసేవారు. జడ్జి మీరని గ్రూపులో చూసి, ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి మీచేత బాగుందనిపించుకోవాలని పంపాను. అనిపించుకున్నాను” అంది.

ఇరవైమూడు తీసెయ్. బహుమతి ఆ చందమామకివ్వు. ఈ ఉత్తరం ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టు. తిట్టేవాళ్లని నన్నే తిట్టమను, పడతాను.

మావయ్య

తా.క.: ఇవాళ కాఫీలో చక్కెర మర్చిపోయింది. నేను బాగుందన్నాను. కప్పు లాక్కుని రెండు చెంచాలు వేసి, “ఇది దిద్దచ్చు” అంది.