నాయన మళ్లీ డీజిల్ అన్నాడు

మంగళవారం

యాత్రికులను తిప్పేదానికి నాయన బండి కొనాలంటాండాడు. పెట్రోల్ బండి ఘాట్ ఎట్లెక్కుతుందో చూద్దామని మామ కారు అడిగి తీసుకొని, నాయనా నేనూ అహోబిలం పోయొచ్చినాం. బాగానే ఎక్కింది. నా భయం ఇంజన్ గురించి కాదు.

పొద్దున ఆళ్లగడ్డ బంకులో నాయన "డీజిల్ కొట్టప్పా" అన్నాడు. నేను గబుక్కున ఆపినా. "ముప్పై ఏండ్లు డీజిల్ జీపు తోలిన నోరు రా ఇది" అని నవ్వినాడు. నేనూ నవ్వినా.

సాయంత్రం కారు తిరిగిచ్చే ముందు అదే బంకుకు పోతే మళ్లీ "డీజిల్" అన్నాడు. "పొద్దున కూడా ఇట్లే అంటివి కదా నాయనా" అన్నా. నా మొగంలోకి చూసి, "పొద్దున మనం ఈడికి యాడొచ్చినాం రా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అమ్మకు చెప్పలేదు. అన్నం తింటా నాయన "రేపు నంద్యాలకు పోయి డీజిల్‌దే తెద్దాం, బరువు బాగా లాగుతాది" అంటాండాడు. సరే అన్నా. డీజిల్ బండైతే బంకులో నాయన మాట తప్పు కాదు. ఎవరికీ తెలీదు.

కానీ ఆ బండి తోలేది నాయనే. ఎగువ అహోబిలం మలుపుల్లో వెనక సీట్ల నిండా యాత్రికులు ఉంటారు. గుర్తు చేయడానికి పక్కన నేనుండను.