నేను చెప్పేదాకా ఎత్తకండి

టెలిఫోన్ కేబుల్ టెక్నీషియన్ గారికి,

నమస్కారం. మీరు రిటైరయ్యారని నిన్న మీ ఆఫీసులో చెప్పి, ఈ అడ్రసు ఇచ్చారు. మరి నా రిసీవరు గతేమిటి?

ఆరేళ్ల కిందట మా గుమ్మం ముందు గొయ్యి తవ్వారు. మట్టికాళ్లతో లోపలికొచ్చి, "అమ్మా, కేబుల్ విప్పి ఉంది. పనయ్యాక నేనే ఫోన్ చేసి చెబుతాను. అప్పటిదాకా రిసీవరు ఎత్తకండి" అన్నారు. గోతిలో మనిషి ఉన్నాడు కదా అని ఎత్తలేదు. ఇవాళ్టిదాకా ఎత్తలేదు.

ఆ వారమంతా ఫోను మోగింది. అప్పటికే మా చెల్లెలికీ నాకూ ఏదో మాటపట్టింపు. "వందసార్లు ఫోన్ చేశాను, అక్క ఎత్తలేదు" అని చుట్టాలందరికీ చెప్పి నాతో మాట మానేసింది. ఉండేది రెండు వీధుల అవతలే. నన్ను చూస్తే రోడ్డు దాటి పోతుంది. నాకు తోడబుట్టింది అదొక్కతే. తప్పు మీదని ఒక్క ముక్క రాసివ్వండి, దానికి చూపించుకుంటాను.

ఇట్లు,
రిటైర్డ్ లెక్కల టీచరు

తా.క. ఫోను రోజూ తుడుస్తున్నాను. ఎత్తకుండానే.

*

టీచరు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో నా మీద ఒక్క కంప్లయింటు లేదు. మోకాలిలోతు నీళ్లు తోడిపోసుకుని, గోతిలో కూర్చుని, నాలుగువందల జతల తీగలు ఒక్కొక్కటే కలిపినవాణ్ని. వానొస్తే నేను తడుస్తూ కేబుల్‌కి గొడుగు పట్టేవాణ్ని. తనకెప్పుడూ పట్టలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

నేను ఫోన్ చెయ్యలేదా? పనయిన మర్నాడే చేశాను! ఎత్తరే! కస్టమరుకి చెప్పందే పని పూర్తయినట్టు రాయకూడదని రూలు. అందుకని ఎనిమిది రోజులు, పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి చేశాను. చివరికి "ఇంట్లో ఎవరూ లేరు" అని రిజిస్టరులో రాశాను. ఇందులో నా తప్పేముందో చెప్పండి.

ఇట్లు,
మనసు కష్టపెట్టుకున్న టెక్నీషియన్

తా.క. వచ్చి తలుపు కొట్టొచ్చు కదా అంటారేమో. ఫోను బాగైందని చెప్పడానికి ఫోను బాగుచేసినవాడే నడిచొస్తే నలుగురూ నవ్వరూ?

*

టెక్నీషియన్ గారికి,

ఎత్తితే కదా అది మీరని తెలిసేది! మీరు చెబితే కదా నేను ఎత్తేది! ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను గానీ, జవాబే లేని ఇలాంటి లెక్క ఏ పిల్లాడికీ ఇవ్వలేదు. రాసిస్తారా, లేదా?

ఇట్లు,
టీచరు

తా.క. కవరు అంటించబోతూ మీ ఉత్తరం మళ్లీ చదివాను. ఆ వారం ఫోను మోగినప్పుడల్లా నేను టైము వేసుకున్న క్యాలెండరు తీసి చూశాను. అన్నీ పది, నాలుగే! మరి మా చెల్లెలి వంద ఫోన్లూ ఎప్పుడు మోగినట్టు? ఆ రిజిస్టరు పేజీ వెంటనే పంపండి.

*

టీచరు గారికి నమస్కారాలు.

ఆఫీసుకి వెళ్లాను. కొత్త ఆఫీసరు నన్ను పట్టుకుని "ఎవరు నువ్వు?" అన్నాడు! ఆ బిల్డింగులోకొచ్చే ప్రతి తీగా నా చేతులమీదుగా వచ్చిందే. కసురుకోవాలనిపించింది గానీ, మీ పని చెడుతుందని ఊరుకున్నాను. అటక మీది రిజిస్టర్లన్నీ దింపించి వెతికాను. పేజీ కాపీ జతచేశాను. పదహారు ఫోన్లు, పదహారూ నావే. తప్పని మాత్రం రాయను.

ఇట్లు,
టెక్నీషియన్

తా.క. పనైపోయింది. రిసీవరు ఎత్తుకోవచ్చు.

*

టెక్నీషియన్ గారికి,

మీ కాగితం చేతిలో పెట్టుకుని, నిలదీసి కడిగేద్దామని చెల్లెలికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. "అక్కా" అంది. అడగాల్సినవన్నీ మర్చిపోయి ఏడ్చాను. నాకే సిగ్గేసింది.

పది నిమిషాల్లో మా ఇంట్లో ఉంది. అప్పుడు పేజీ చూపించి లెక్క అడిగాను. పెద్దదాన్ని కనక నేనే ముందు తనకి ఫోన్ చేస్తానని ఎదురుచూస్తూ కూర్చుందట. చెయ్యకపోయేసరికి ఒళ్లుమండి, తనే చేసినట్టు చెప్పిందట. ఇద్దరం సాయంత్రందాకా కూర్చుని ఆలోచించాం. తప్పు మీదేనని తేలింది.

ఇట్లు,
టీచరు

తా.క. ఇది రాస్తున్నది నేను, చెల్లెల్ని. మీ కాగితం వల్ల అక్క ముందు నా పరువు పోయింది. నేను ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యని మాట నిజమే. కానీ ఆరేళ్లూ రోజూ రిసీవరు ఎత్తి, సగం నంబరు నొక్కి పెట్టేసేదాన్ని. అదెందుకు రాయలేదండీ మీ రిజిస్టరులో?