ఆంటీకి వెళ్ళిన మెసేజీలు

మంగళవారం రాత్రి, సింగపూరులోని యూ టీ

హమ్మయ్య, ఆ మెసేజీలు పేషెంట్లెవరికీ వెళ్ళలేదు. కళ్ళ క్లినిక్ కోసం నేను రాసిన స్క్రిప్ట్, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, "రేపు పరీక్షకు రండి" అని ఫోన్లకు పంపమని మెసేజీల సర్వీసును అడుగుతుంది. "పంపాను" అని సర్వీసు జవాబు ఆలస్యమైతే, మెసేజీ వెళ్ళలేదనుకుని మళ్ళీ అడుగుతుంది. నిన్న ఆలస్యమైంది జవాబు మాత్రమే, అడిగిన ప్రతిసారీ మెసేజీ వెళ్ళిపోయింది. అదృష్టం బాగుండి, టెస్టుకు పెట్టింది మా ఇంటి ఓనరు సరోజ ఆంటీ నంబరు ఒక్కటే.

నేను ఇంటికి రాగానే ఆంటీ మొదలుపెట్టింది. "క్లినిక్ వాళ్ళు నిన్నంతా ఒకటే మెసేజీలు అమ్మాయ్! భయమేసి పొద్దున్నే పోయొచ్చా. కంట్లో ప్రెషరంట, టైముకి వచ్చారన్నారు. ఎంత శ్రద్ధ లా వాళ్ళకి!" అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాటకు "లా" తగిలించి.

అది నా స్క్రిప్ట్ తప్పని చెప్పకుండానే వెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. మొదటిది వెళ్ళిందో లేదో కనుక్కున్నాకే మళ్ళీ పంపేలా స్క్రిప్ట్ మార్చేశాను. డాక్టరిచ్చిన చుక్కల మందు వేసుకోవడం మర్చిపోతుందేమోనని, ఆంటీ నంబరు మాత్రం తీసెయ్యలేదు; "చుక్కలు వేసుకోండి" అని దానికి రోజుకొక్క మెసేజీ పెట్టాను.