మీ బావ చేతిలో లోపం లేదు

తమ్ముడూ,

ఇక్కడ అందరం కులాసా, కంప్యూటర్ తప్ప.

కంప్యూటర్ తనే బిగిస్తానని, నువ్వు చెప్పిన ప్రాసెసరే కొన్నారు మీ బావ. మదర్‌బోర్డు మాత్రం "ఇది ఇంకా చవక!" అంటూ వేరేది పట్టుకొచ్చారు. ప్రాసెసర్ అందులో కూర్చోనంది. నేను నవ్వాపుకోలేకపోయాను. అంతే, ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. "లోపం బోర్డుదే, నా చేతిది కాదు. కావాలంటే చూడు!" అని స్క్రూడ్రైవర్ అందుకుని, ఏళ్ల తరబడి మూలుగుతున్న వంటింటి ఫ్యాన్ విప్పి బాగుచేసి పారేశారు.

తర్వాత బోర్డు మార్చారు. ఈసారి సగం ధరకే వచ్చిందని ర్యామ్ తెచ్చారు. అది పాత రకమట, స్లాట్‌లో దిగలేదు. మళ్లీ నవ్వాను. పడగ్గది తలుపు కిర్రుమనడం మానేసింది.

ఇన్నాళ్లూ నేను నెత్తీనోరూ కొట్టుకున్నా సోఫాలోంచి లేవని మనిషిరా!

ఏ ర్యామ్ కొనాలో అడగడానికి రేపు నీకు ఫోన్ చేస్తారు. విడిభాగాల షాపులో పనిచేసేవాడివి, నీ మాట నమ్ముతారు. అక్క కోసం ఒక్క అబద్ధం ఆడు. చూడ్డానికి బాగుండి, చవగ్గా ఉండి, ఆ బోర్డుకి చచ్చినా సరిపడనిది చెప్పు. షాపువాళ్లు వెనక్కి తీసుకునేదై ఉండాలి సుమా.

బాత్రూం కుళాయి ఇంకా కారుతూనే ఉంది. నవ్వడం సంగతి నేను చూసుకుంటాను.

అక్క